ఓడిన జట్టుకు డివిజన్ టైటిల్: ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్ సమీకరణాలు ఎందుకింత చిక్కుగా ఉంటాయి?

సంక్షిప్తంగా: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సీజన్ చివరి వారాల్లో ఏ జట్టుకు బెర్తు ఖాయమైందో, ఏ జట్టు రేసు నుంచి తప్పుకుందో గెలుపోటముల పట్టిక చూసి చెప్పడం కష్టం. మొత్తం విజయాలకన్నా డివిజన్‌లో స్థానానికే నిబంధనలు పెద్దపీట వేస్తాయి. సమాన రికార్డులున్న జట్లు రెండైతే ఒక లెక్క, మూడైతే మరో లెక్క. ఈ రెండు కారణాల వల్ల ఒక జట్టు భవితవ్యం తాను ఆడని మ్యాచ్‌లలో తేలుతుంది.

2026 జనవరి 3, శనివారం నాడు టాంపాలో జరిగిన మ్యాచ్‌లో టాంపా బే బకనీర్స్ 16-14 తేడాతో కరోలినా పాంథర్స్‌ను ఓడించింది. దీంతో రెండు జట్లూ 8 విజయాలు, 9 ఓటములతో సీజన్ ముగించాయి. ఈ రెండింటి మధ్యే పోలిక జరిగితే, ఇవి ఉన్న నాలుగు జట్ల గ్రూపు ఎన్‌ఎఫ్‌సీ సౌత్ డివిజన్ టైటిల్ బకనీర్స్‌దే. అయితే మరునాడు అట్లాంటాలో ఫాల్కన్స్ 19-17తో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌పై గెలిచింది. ఫాల్కన్స్ డిసెంబర్‌లోనే రేసు నుంచి తప్పుకున్న జట్టు, గెలిచినా దానికి ఒరిగేదేమీ లేదు. కానీ ఆ గెలుపుతో ముందురోజు ఓడిపోయిన పాంథర్స్ డివిజన్ విజేతగా ప్లేఆఫ్స్‌కు చేరింది, ముందురోజు గెలిచిన బకనీర్స్ ఇంటిదారి పట్టింది.

అట్లాంటాలోనో డాలస్‌లోనో స్థిరపడి ఈ ఆటకు కొత్తగా అలవాటు పడుతున్న తెలుగువారికి ఇది అర్థంకాని వ్యవహారంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పుట్టినప్పటి నుంచీ ఈ ఆట చూస్తున్న అమెరికన్లకు కూడా ఆ ఆదివారం సమీకరణాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది.

లీగ్ నిర్మాణం

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. వీటిని ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అనే రెండు కాన్ఫరెన్స్‌లుగా విభజించారు. ఒక్కో కాన్ఫరెన్స్‌లో నాలుగు డివిజన్లు, ఒక్కో డివిజన్‌లో నాలుగు జట్లు ఉంటాయి. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ చేరిక తర్వాత ఏర్పడిన ఈ అమరికే నేటికీ కొనసాగుతోంది. 2021 నుంచి ప్రతి జట్టూ 18 వారాల్లో 17 మ్యాచ్‌లు ఆడుతోంది. ప్లేఆఫ్స్‌కు కాన్ఫరెన్స్‌కు ఏడు జట్ల చొప్పున మొత్తం 14 జట్లు చేరతాయి. 1990 నుంచి 2019 వరకు ఈ సంఖ్య 12గా ఉండేది.

ఏడు బెర్తులలో మొదటి నాలుగు డివిజన్ విజేతలవి. వారి రికార్డు ఎంత పేలవంగా ఉన్నా 1 నుంచి 4 వరకు సీడ్‌లు (ప్లేఆఫ్స్‌లో ర్యాంకులు) వారికే దక్కుతాయి. మిగిలిన మూడు వైల్డ్‌కార్డ్ బెర్తులు ఆ తర్వాత మెరుగైన రికార్డులున్న జట్లకు వెళతాయి. టాప్ సీడ్‌కు తొలి రౌండ్‌లో విశ్రాంతి ఉంటుంది. మిగతా ముగ్గురు డివిజన్ విజేతలు తొలి రౌండ్‌ను సొంత మైదానంలో ఆడతారు.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న తర్కం షెడ్యూల్‌లో కనిపిస్తుంది. ఒక జట్టు తన డివిజన్ ప్రత్యర్థులు ముగ్గురితో రెండేసి చొప్పున ఆరు మ్యాచ్‌లు ఆడుతుంది. సొంత కాన్ఫరెన్స్‌లోని మరో డివిజన్ మొత్తంతో నాలుగు, అవతలి కాన్ఫరెన్స్‌లోని ఒక డివిజన్‌తో నాలుగు ఆడుతుంది. చివరి మూడు మ్యాచ్‌లు మాత్రం గత ఏడాది తమ తమ డివిజన్లలో అదే స్థానంలో నిలిచిన జట్లతో ఉంటాయి. అంటే ఒకే డివిజన్‌లోని రెండు జట్ల షెడ్యూల్ 17లో 14 మ్యాచ్‌ల వరకు ఒకేలా ఉంటుంది. వేర్వేరు డివిజన్ల జట్లకు అలాంటి సమానత్వం ఉండదు కనుక, ఒకరి 9 విజయాలూ మరొకరి 9 విజయాలూ ఒకే బరువు కలవని అనడానికి వీలులేదు. డివిజన్‌కు ప్రాధాన్యం ఇవ్వడాన్ని సమర్థించే వాదనల్లో అన్నింటికన్నా బలమైనది ఇదే, అయినా దీని గురించి చర్చ జరిగేది తక్కువ.

ఖాయం కావడం, తప్పుకోవడం అంటే ఏమిటి?

ఒక జట్టుకు బెర్తు ఖాయమైందని ప్రకటించడమంటే, మిగిలిన మ్యాచ్‌లు ఎలా ముగిసినా ఆ జట్టు ఏడు స్థానాల్లో ఒకదానిలో ఉంటుందని నిరూపణ జరిగిందని అర్థం. నిష్క్రమణ దానికి పూర్తిగా వ్యతిరేకం: మిగిలిన ఫలితాలు ఏ విధంగా వచ్చినా ఆ జట్టుకు దారి లేదని తేలడం. ఈ రెండింటి మధ్య ఉన్న జట్లకే సమీకరణాలు ఉంటాయి. గెలిస్తే చాలు, మరెవరి ఫలితంతోనూ పనిలేదనే స్థితిలో ఉన్న జట్టు భవితవ్యం దాని చేతుల్లోనే ఉన్నట్టు. మిగతావి ఇతరుల మీద ఆధారపడక తప్పదు.

నిరూపణ అంత తేలిక కాదు. చివరి వారంలో 16 మ్యాచ్‌లు జరుగుతాయి. గెలుపోటములను మాత్రమే లెక్కించినా 65,536 ఫలితాల కలయికలు సాధ్యమవుతాయి. డ్రాను కూడా కలిపితే ఆ సంఖ్య 4.3 కోట్లు దాటుతుంది. రెండు వారాలు మిగిలి ఉన్నప్పుడు డ్రాలను వదిలేసినా 429 కోట్లకు పైగా కలయికలు ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం ఒక నిర్దిష్ట జట్టుకు సంబంధం లేనివే కావడంతో వాస్తవంలో లెక్క బాగా కుదించుకుపోతుంది కానీ, టైబ్రేకర్ల (సమాన రికార్డున్న జట్లను విడదీసే నిబంధనల) వల్ల ఏది సంబంధం లేనిదో ముందుగా చెప్పడం కష్టమవుతుంది.

పట్టిక చూసినవారు తరచుగా పొరబడే చోటు మరొకటి ఉంది. ఒక జట్టు మిగిలినవన్నీ గెలిస్తే 9 విజయాలకు చేరగలదనుకుందాం. దాని పైనున్న రెండు జట్లు ఒక్కోటి 9 విజయాలతో ఉన్నాయి కనుక అవి ఇక ఓడిపోతే చాలని అనిపిస్తుంది. కానీ ఆ రెండు జట్లూ చివరి మ్యాచ్ ఒకదానితో ఒకటి ఆడుతుంటే వాటిలో ఒకటి పదో విజయం సాధించక తప్పదు, కనీసం డ్రాతో రెండూ కొంత ముందుకు జరుగుతాయి. విడివిడిగా చూస్తే సాధ్యమనిపించేది కలిపి చూస్తే అసాధ్యమవుతుంది. 2010 నుంచి చివరి వారంలో అన్నీ డివిజన్ మ్యాచ్‌లే పెడుతున్నారు కనుక ఇలాంటి ముడులు చివరి వారంలో మరింత ఎక్కువ.

టైబ్రేకర్ నిచ్చెన

ఒకే డివిజన్‌లోని రెండు జట్లు సమాన రికార్డుతో ఉంటే మొదట ముఖాముఖి ఫలితాలు చూస్తారు. అవీ సమానమైతే డివిజన్ మ్యాచ్‌ల రికార్డు, తర్వాత ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ప్రత్యర్థులపై రికార్డు, తర్వాత కాన్ఫరెన్స్ రికార్డు వరుసగా వస్తాయి. ఆపైన తాము ఓడించిన జట్లు సాధించిన మొత్తం రికార్డును, అటుపైన తాము ఆడిన ప్రత్యర్థులందరి మొత్తం రికార్డును లెక్కలోకి తీసుకుంటారు. చేసిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్లు వీటన్నింటి తర్వాతే వస్తాయి. నిచ్చెన చివరి మెట్టు నాణెం ఎగరేయడం.

వైల్డ్‌కార్డ్ కోసం వేర్వేరు డివిజన్ల జట్లు పోటీపడితే వరుస కొంత మారుతుంది. ముందుగా ఒక్కో డివిజన్ నుంచి ఒక్క జట్టునే పోలికలోకి తీసుకుంటారు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ జట్లుంటే, ఒకటి మిగతా అందరినీ ఓడించి ఉంటేనే లేదా అందరి చేతిలోనూ ఓడి ఉంటేనే ముఖాముఖి మెట్టు పనిచేస్తుంది. ఉమ్మడి ప్రత్యర్థులపై కనీసం నాలుగేసి మ్యాచ్‌లు లేకపోతే ఆ మెట్టును దాటేస్తారు.

పాంథర్స్ ఉదంతం ఈ నిచ్చెనలోని అసలు మెలికను బయటపెడుతుంది. పాంథర్స్, బకనీర్స్ మధ్య ముఖాముఖి 1-1 (ముందు విజయాలు, తర్వాత ఓటములు). డివిజన్ రికార్డు ఇద్దరిదీ 3-3. నిజానికి ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌సీ సౌత్‌లోని నాలుగు జట్లూ డివిజన్‌లో 3-3తోనే ముగించాయి. మూడో మెట్టయిన ఉమ్మడి ప్రత్యర్థుల లెక్కలో బకనీర్స్ 6-6, పాంథర్స్ 5-7. కనుక ఇద్దరి మధ్య పోలికలో టైటిల్ బకనీర్స్‌ది.

ఫాల్కన్స్ కూడా 8-9కి చేరగానే లెక్క మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది. ఇప్పుడు ముఖాముఖి అంటే మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లు. పాంథర్స్ ఆ సీజన్‌లో ఫాల్కన్స్‌ను రెండుసార్లు ఓడించింది, బకనీర్స్‌తో ఒకటి గెలిచి ఒకటి ఓడింది: మొత్తం 3-1. బకనీర్స్ ఇద్దరితోనూ చెరొకటి గెలిచి చెరొకటి ఓడింది: 2-2. ఫాల్కన్స్ 1-3. మొదటి మెట్టులోనే పాంథర్స్ గెలిచేసింది. ఉమ్మడి ప్రత్యర్థుల దాకా వెళ్లే అవసరమే రాలేదు.

ఫాల్కన్స్‌పై సాధించిన ఆ రెండు విజయాలూ పాంథర్స్ ఖాతాలో ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ ఫాల్కన్స్ పోలికలోకి వచ్చినప్పుడే వాటికి ముఖాముఖి విలువ లభిస్తుంది. ఫాల్కన్స్ ఓడినా, చివరికి డ్రా చేసుకున్నా మూడు జట్ల సమానత్వం ఏర్పడేది కాదు, టైటిల్ బకనీర్స్‌కే వెళ్లేది. అంతకు ముందు సోమవారం, డిసెంబర్ 29న ఫాల్కన్స్ 27-24తో లాస్ ఏంజెలెస్ రామ్స్‌ను ఓడించకపోయి ఉంటే ఈ దారి తెరుచుకునేదే కాదు. తర్వాత వైల్డ్‌కార్డ్ రౌండ్‌లో పాంథర్స్‌తో తలపడింది ఆ రామ్స్ జట్టే కావడం ఒక విచిత్రం.

ఆడకుండానే వచ్చిన టైటిల్

2024 సీజన్‌లో రామ్స్ డివిజన్ టైటిల్ గెలిచిన తీరు నిచ్చెనలో మరింత పై మెట్టుకు ఉదాహరణ. ఒక వారం మిగిలి ఉండగా రామ్స్ 10-6తో, సియాటిల్ సీహాక్స్ 9-7తో ఉన్నాయి. చివరి మ్యాచ్ ఆ రెండింటి మధ్యే. సీహాక్స్ గెలిస్తే ఇద్దరూ 10-7. పట్టిక చూసిన ఎవరికైనా ఆ మ్యాచ్ డివిజన్ ఫైనల్ లాగే కనిపిస్తుంది.

కానీ సీహాక్స్ గెలిచినా ముఖాముఖి, డివిజన్, ఉమ్మడి ప్రత్యర్థులు, కాన్ఫరెన్స్ మెట్లేవీ ఇద్దరినీ విడదీయలేవు. అప్పుడు ఓడించిన జట్ల బలం లెక్కకు వస్తుంది. రామ్స్ ఆ ఏడాది బఫలో బిల్స్‌ను, మిన్నెసోటా వైకింగ్స్‌ను ఓడించింది కనుక ఆ రెండు జట్లు గెలిచిన ప్రతిసారీ రామ్స్ లెక్క పెరుగుతుంది. సీహాక్స్ ఓడించిన జట్లలో ఫాల్కన్స్ ఒకటి, ఫాల్కన్స్ ఓడిన ప్రతిసారీ సీహాక్స్ లెక్క తగ్గుతుంది. డిసెంబర్ 29, ఆదివారం బిల్స్, వైకింగ్స్ గెలిచాయి, రాత్రి ఓవర్‌టైమ్‌లో వాషింగ్టన్ కమాండర్స్ చేతిలో ఫాల్కన్స్ ఓడింది. ఆ రోజు మ్యాచ్ లేని రామ్స్ అలా డివిజన్ విజేత అయింది. వారం తర్వాత ప్రధాన క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) మాథ్యూ స్టాఫర్డ్‌కు విశ్రాంతినిచ్చి ఆడిన రామ్స్‌ను సీహాక్స్ 30-25తో ఓడించింది, అప్పటికి ఆ గెలుపుతో మారేదేమీ మిగల్లేదు.

నెట్ రన్‌రేట్ లాంటిది ఎందుకు లేదు?

ఐపీఎల్ చూసేవారికి సహజంగా వచ్చే ప్రశ్న ఇది. అక్కడ పది జట్లకూ ఒకే పట్టిక ఉంటుంది, పాయింట్లు సమానమైతే చూపు వెంటనే నెట్ రన్‌రేట్ మీదకు పోతుంది. 2024లో సన్‌రైజర్స్ హైదరాబాద్, రాజస్థాన్ రాయల్స్ రెండూ 17 పాయింట్లతో ముగించగా, మెరుగైన రన్‌రేట్‌తో హైదరాబాద్ రెండో స్థానం దక్కించుకుంది. అదే ఏడాది చెన్నై, బెంగళూరు 14 పాయింట్లతో సమానంగా నిలిస్తే నాలుగో బెర్తును రన్‌రేటే బెంగళూరుకు ఇచ్చింది.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గెలుపు తేడా నిచ్చెనలో చాలా దూరాన ఉంది. ఎంత తేడాతో గెలిచారన్నది ముఖ్యమైతే, గెలుపు ఖాయమైన మ్యాచ్‌లో కూడా చివరి నిమిషం దాకా పాయింట్ల కోసం ప్రధాన ఆటగాళ్లను మైదానంలోనే ఉంచాల్సి వస్తుంది. గాయాలు నిత్యకృత్యమైన ఈ ఆటలో అది ఖరీదైన వ్యవహారం. ఎవరిపై గెలిచారన్న దానికి ప్రాధాన్యమిస్తే ఆ ఒత్తిడి ఉండదు. మూల్యం మరోచోట చెల్లించాలి. రన్‌రేట్‌లో ఒక జట్టుకు తనకు ఎన్ని పరుగులు కావాలో తెలుస్తుంది, ప్రయత్నించగలదు. ఓడించిన జట్ల బలాన్ని పెంచుకునే మార్గం మాత్రం ఏ జట్టుకూ లేదు, టీవీ ముందు కూర్చుని చూడడమే.

డ్రా తెచ్చిన చిక్కు

లీగ్ దశలో పది నిమిషాల ఓవర్‌టైమ్ తర్వాత కూడా స్కోరు సమంగా ఉంటే మ్యాచ్ డ్రా అవుతుంది. 1972 నుంచి డ్రాను సగం గెలుపు, సగం ఓటమిగా లెక్కిస్తున్నారు. దీని వల్ల డ్రా ఆడిన జట్టు చాలాసార్లు టైబ్రేకర్ల గొడవలోకే రాదు: 9-7-1 (చివరి అంకె డ్రాలది) రికార్డు 9-8కన్నా నేరుగా పైనుంటుంది.

2022 జనవరి 9న లాస్ వెగాస్‌లో రైడర్స్, చార్జర్స్ మధ్య జరిగిన మ్యాచ్ ఈ నిబంధనను పతాక శీర్షికలకెక్కించింది. ఇద్దరూ 9-7. గెలిచినవారికి బెర్తు ఖాయం. అదే రోజు, అప్పటికి రెండే మ్యాచ్‌లు గెలిచిన జాక్సన్‌విల్ జాగ్వార్స్ చేతిలో ఇండియానాపోలిస్ కోల్ట్స్ 26-11తో ఓడింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఓవర్‌టైమ్‌లో బాల్టిమోర్‌పై గెలిచి 9-7-1కి చేరింది. దీంతో రాత్రి మ్యాచ్ డ్రా అయితే రైడర్స్, చార్జర్స్, స్టీలర్స్ మూడూ 9-7-1తో సమానమవుతాయి. ఆ సీజన్‌లో స్టీలర్స్‌ను మిగతా ఇద్దరూ ఓడించారు కనుక ఆ ఇద్దరికీ బెర్తులు వచ్చి స్టీలర్స్ తప్పుకోవాల్సి వస్తుంది. అంటే ఆడకుండా బంతి పట్టుకుని కూర్చున్నా రెండు జట్లకూ లాభమే.

నాలుగో క్వార్టర్ చివరి బంతికి చార్జర్స్ స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో చెరో ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని సాధించే మూడు పాయింట్లు) 32-32. రైడర్స్ చేతిలో బంతి ఉండగా, 38 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు చార్జర్స్ కోచ్ బ్రాండన్ స్టేలీ టైమ్‌అవుట్ తీసుకున్నారు. తర్వాతి పరుగులో రైడర్స్ ముందుకు చొచ్చుకెళ్లింది, డేనియల్ కార్ల్‌సన్ 47 గజాల ఫీల్డ్ గోల్‌తో మ్యాచ్ 35-32గా ముగిసింది. స్టీలర్స్ బతికిపోయింది, చార్జర్స్ తప్పుకుంది. ఆ టైమ్‌అవుట్ గురించిన వాదన చాలాకాలం నడిచింది. అయితే డ్రా అయితే రైడర్స్‌కు దక్కేది ఏడో సీడ్, తొలి ప్రత్యర్థి కాన్సాస్ సిటీ చీఫ్స్. గెలుపుతో ఐదో సీడ్ వచ్చి సిన్సినాటికి వెళ్లే అవకాశం దొరికింది. రెండు జట్లకూ డ్రాయే మేలన్న ప్రచారంలో ఈ లెక్క చాలావరకు మరుగున పడింది.

ఒకరి ఫలితం మరొకరికి ముందే తెలియడం వల్ల వచ్చే ఈ సమస్య ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు పాతదే. 1982లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా రెండింటికీ సరిపోయే 1-0 ఫలితంతో అల్జీరియా బయటకు వెళ్లాక, గ్రూపు చివరి మ్యాచ్‌లను ఒకే సమయంలో ఆడించడం మొదలైంది. ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా చివరి వారం సమయాలను 17వ వారం ఫలితాలు వచ్చాకే ప్రకటించి, ఒకదానితో ఒకటి ముడిపడిన మ్యాచ్‌లను వీలైనంత వరకు ఒకే సమయంలో పెడుతుంది. శని, ఆదివారం రాత్రి ప్రసారాల కోసం కొన్నింటిని మాత్రం విడదీయక తప్పడం లేదు. పాంథర్స్, ఫాల్కన్స్ మ్యాచ్‌లు వేర్వేరు రోజుల్లో జరిగింది కూడా ఇందుకే.

ఆశ లేనివారు, అవసరం లేనివారు

సీడ్ ఖాయమైన జట్టు ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినివ్వడం దాని దృష్టిలో వివేకమే, కానీ ప్రభావం మూడో జట్టుపై పడుతుంది. 2009 డిసెంబర్‌లో 14-0తో ఉన్న కోల్ట్స్, న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్‌ను పక్కన కూర్చోబెట్టి 29-15తో ఓడింది. ఆ ఊపుతో 9-7కు చేరిన జెట్స్‌కు బెర్తు దక్కగా, అదే 9-7తో ఉన్న స్టీలర్స్, టెక్సన్స్ బయటే ఉండిపోయాయి.

తప్పుకున్న జట్ల లెక్క వేరు. తక్కువ విజయాలున్న జట్టుకు కొత్త ఆటగాళ్ల డ్రాఫ్ట్‌లో ముందు ఎంపిక దొరుకుతుంది. 2021 జనవరి 3న ఫిలడెల్ఫియా ఈగల్స్ మూడు పాయింట్ల వెనకబాటులో ఉండగా కోచ్ డగ్ పీడర్సన్ నాలుగో క్వార్టర్‌లో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ స్థానంలో నేట్ సడ్‌ఫెల్డ్‌ను దించారు. వాషింగ్టన్ 20-14తో గెలిచి 7-9తో డివిజన్ టైటిల్ అందుకుంది. ఈగల్స్ గెలిచి ఉంటే టైటిల్ న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లేది. ఈగల్స్‌కు ఆ ఓటమితో డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపిక దక్కింది.

డివిజన్ ప్రాధాన్యంపై చర్చ

ఓటములు ఎక్కువగా ఉన్న డివిజన్ విజేతలు ఇప్పుడు అరుదు కాదు. 2010లో 7-9తో డివిజన్ గెలిచిన సీహాక్స్, తొలి రౌండ్‌లో 11-5 రికార్డున్న సెయింట్స్‌ను సొంత మైదానంలో 41-36తో ఓడించింది. 2014లో పాంథర్స్ 7-8-1తో, 2022లో బకనీర్స్ 8-9తో డివిజన్లు గెలిచాయి. మరోవైపు 2008లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 11-5తో కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేకపోయింది. 2025 సీజన్‌లో 9-8తో ముగించిన వైకింగ్స్, డెట్రాయిట్ లయన్స్ ఇంట్లో కూర్చోగా, 8-9 పాంథర్స్ మైదానానికి 12-5 రామ్స్ రావలసి వచ్చింది. రామ్స్ 34-31తో గెలిచింది.

అన్నింటికన్నా తీవ్రమైన ఉదాహరణ 2024లో వైకింగ్స్‌ది. చివరి రాత్రి లయన్స్ చేతిలో 31-9తో ఓడిన వైకింగ్స్ రికార్డు 14-3. లయన్స్ 15-2తో టాప్ సీడ్ అందుకుంటే, వైకింగ్స్ ఐదో సీడ్‌గా 10-7 రామ్స్‌తో తలపడి 27-9తో నిష్క్రమించింది. విచిత్రమేమిటంటే, మరుసటి ఏడాది మార్పు కోరింది లాభపడిన లయన్సే. మెరుగైన రికార్డున్న వైల్డ్‌కార్డ్ జట్టుకు డివిజన్ విజేతకన్నా పై సీడ్ ఇవ్వవచ్చన్నది వారి ప్రతిపాదన. డివిజన్ విజేతకు బెర్తును అలాగే ఉంచి, సొంత మైదానం హక్కును మాత్రమే రికార్డుకు ముడిపెట్టే ఈ మార్గం మధ్యేమార్గంగా సహేతుకమైనదే. అయినా తగినంత మద్దతు కూడలేదు, 2025 మే నెలలో లయన్స్ దాన్ని ఉపసంహరించుకుంది.

నిబంధన మారాలంటే 32 మంది యజమానుల్లో 24 మంది ఓటు వేయాలి. ఏ డివిజన్ ఏ ఏడాది బలహీనపడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, 8-9తో కూడా సొంత మైదానంలో ప్లేఆఫ్ మ్యాచ్ ఆడే వీలును వదులుకునేందుకు యజమానులు అంత సులభంగా ముందుకు రారు. ఆ మ్యాచ్ టికెట్ల ఆదాయమూ, డిసెంబర్ చివరి దాకా నగరంలో నిలిచే ఆసక్తీ వారికి రికార్డుల న్యాయంకన్నా దగ్గరి విషయాలు.